దేశాలు దాటే యూరప్ నడకదారులు: మీ సెలవుకు, మీ మోకాళ్లకు ఏది సరిపోతుంది?

“యూరప్‌లో నడుద్దామనుకుంటున్నాం, ఏ దారి బాగుంటుంది?” అని ఎవరడిగినా నేను ముందు సెలవు ఎన్ని రోజులుందో అడుగుతాను. అందం గురించి మాట్లాడను. కింద చెప్పబోయే దారుల్లో అందంగా లేనిది ఒక్కటీ లేదు. తేడాలన్నీ వేరే చోట ఉన్నాయి. వీసాలో ఎన్ని రోజులున్నాయి, చీకటి పడేలోపు పడక దొరుకుతుందా, మోకాళ్లు దిగుడుకు తట్టుకుంటాయా, మాంసం ముట్టనివాళ్ల పళ్లెంలోకి ఏం వస్తుంది. ఫొటోలు చూసి దారి ఎంచుకుని ఈ నాలుగింటి దగ్గర ఇరుక్కున్నవాళ్లు చాలామంది. మొదటిసారి నేనూ ఆ బాపతే.

ముందుగా పక్కన పెట్టాల్సినవి

ఎక్కువ దేశాలు దాటితేనే గొప్ప అనుకుంటే పేర్లకు కొదవ లేదు. ఈ-1 అనే దారి నార్వే ఉత్తర కొన నుంచి ఇటలీ దక్షిణం వరకు దాదాపు 7,000 కిలోమీటర్లు. వియా ఆల్పినా ఎర్ర దారి ట్రియెస్టేలో మొదలై మొనాకోలో ముగిసేలోపు 8 దేశాలు, 161 మజిలీలు. జీఆర్-5 నెదర్లాండ్స్‌లో సముద్రపు ఒడ్డున బయల్దేరి ఫ్రాన్స్ దక్షిణాన నీస్‌లో మళ్లీ సముద్రం దగ్గరే తేలుతుంది. వినడానికి నోరూరుతుంది. కానీ భారత పాస్‌పోర్టు మీద వచ్చే షెంగెన్ వీసాతో (యూరప్‌లో చాలా దేశాలకు కలిపి ఇచ్చే వీసా) ఏ 180 రోజుల్లో చూసినా 90 రోజులకు మించి ఉండకూడదు. 161 మజిలీలను 90 రోజుల్లో కుక్కలేం. అక్కడే ఉద్యోగం చేస్తూ నివాస పర్మిట్ ఉన్న మనవాళ్లు వీటిని ఏడాదికో ముక్క చొప్పున నడుచుకోవచ్చు. హైదరాబాద్ నుంచో విజయవాడ నుంచో రెండు మూడు వారాల సెలవుతో వెళ్లేవాళ్లు వీటి జోలికి పోకపోవడం మేలు.

పోర్టో నుంచి సాంటియాగో: మొదటిసారికి నా ఓటు

పోర్చుగల్‌లోని పోర్టోలో బయల్దేరి స్పెయిన్‌లోని సాంటియాగో దె కాంపోస్తెలా చేరే దారి ఇది. శతాబ్దాలుగా యాత్రికులు నడుస్తున్న కమీనో దారుల్లో ఒకటి. ఊళ్ల మధ్య నుంచి వెళ్లే లోపలి దారి సుమారు 240 కిలోమీటర్లు, సముద్రం వెంట పోయేది 280 దాకా ఉంటుంది. రోజుకు 20 కిలోమీటర్ల లెక్కన పన్నెండు నుంచి పద్నాలుగు రోజులు. రెండు వారాల సెలవుకు అటూ ఇటూ శని, ఆదివారాలు కలుపుకుంటే విమానాలతో సహా సరిపోతుంది.

దీన్ని మొదట చెప్పడానికి కారణం తేలిక ఒక్కటే కాదు. తప్పు చేసినా ఈ దారి క్షమిస్తుంది. కాలికి పొక్కులు లేస్తే పక్క ఊళ్లో మందుల షాపు ఉంటుంది. మరీ నడవలేకపోతే బస్సో రైలో దొరుకుతుంది. సంచి మోయలేనంటే కొద్దిపాటి రుసుముకు దాన్ని తర్వాతి మజిలీకి చేర్చే సర్వీసులున్నాయి. రాత్రి బసకు ‘ఆల్బెర్గే’లు, అంటే యాత్రికుల సత్రాలు. ప్రభుత్వ, చర్చి సత్రాల్లో పడక ఇంచుమించు 8 నుంచి 15 యూరోలు, ప్రైవేటువి కాస్త ఎక్కువ. డార్మిటరీలో ఇరవై మంది గురకల మధ్య నిద్ర పట్టాలంతే. పెళ్లిళ్లకు కల్యాణమండపంలో చాపల మీద పడుకున్న అనుభవం ఇక్కడ పనికొస్తుంది. ఒక్కోచోట నల్లులు కూడా ఉంటాయి. సంచి మంచం మీద పెట్టకండి, పరుపు అంచులు ఎత్తి చూశాకే పడుకోండి.

లోపలి దారా, సముద్రపు దారా? సముద్రం వెంట చాలాదూరం చెక్క పలకల బాట, పెద్ద ఎక్కుళ్లు లేవు, గాలి మాత్రం ముఖాన కొడుతూనే ఉంటుంది. కమీన్యా దగ్గర మీన్యో నదిని చిన్న పడవలో దాటి స్పెయిన్‌లో దిగుతారు. పడవ నడవాలంటే ఆటుపోట్లు, వాతావరణం రెండూ కలిసిరావాలి. లోపలి దారిలో బార్సెలోస్, పోంతె ద లీమా లాంటి పాత ఊళ్లు వస్తాయి, లాబ్రూజా దగ్గర ఒక్క గట్టి ఎక్కుడు ఉంటుంది. అసలు బాధ ఆ ఎక్కుడు కాదు, కిలోమీటర్ల కొద్దీ పరిచిన రాళ్లు. అరికాళ్లు మంటెత్తుతాయి. అయినా నేను లోపలి దారే నడవమంటాను. ఊళ్లు, ద్రాక్ష పందిళ్లు, బడి పిల్లలు, చర్చి గంటలు అన్నీ దారికి అటూ ఇటూ ఉంటాయి. సముద్రం రెండో రోజుకే అలవాటైపోతుంది.

లోపలి దారిలో వలెన్సా దగ్గర 1886లో కట్టిన ఇనుప వంతెన మీద నది దాటితే అవతలి ఒడ్డున స్పెయిన్ ఊరు తూయి. వంతెన పొడవు నాలుగైదు నిమిషాల నడక, గడియారం మాత్రం గంట ముందుకు దూకుతుంది. నేను వలెన్సా కోటలో తాపీగా కాఫీ తాగి ఒంటిగంటకు వంతెన ఎక్కాను. అటు దిగేసరికి రెండు దాటింది, సత్రంలో పడకలు నిండిపోయాయి. ప్రభుత్వ సత్రాల్లో ముందుగా బుకింగ్ ఉండదు, వచ్చిన వరసలోనే ఇస్తారు. ఆ రోజు మరో రెండు గంటలు నడిచాక గానీ మంచం దొరకలేదు.

నడిచి సాంటియాగో చేరినవాళ్లకు ఇచ్చే సర్టిఫికెట్ మీద మోజున్నవాళ్లకు ఒక మాట. యాత్రికుల పాస్‌బుక్కు లాంటి ‘క్రెదెన్సియాల్’ తీసుకుని కనీసం 100 కిలోమీటర్లు నడవాలి, ఆ దూరంలో రోజుకు రెండు ముద్రలు వేయించుకోవాలి. తూయి నుంచి లెక్కేసినా 100 దాటుతుంది. క్రైస్తవులే కానక్కర్లేదు. ఎందుకు నడిచారని అడుగుతారు, మత కారణం లేదంటే వేరే పత్రం ఇస్తారు.

ఫ్రెంచ్ దారి: పేరు పెద్దది, సెలవు చాలదు

కమీనో అనగానే అందరూ చెప్పేది ఈ దారే. ఫ్రాన్స్ సరిహద్దు ఊరు సాఁ-జాఁ-పియె-ద-పోర్ నుంచి సాంటియాగో వరకు సుమారు 780 కిలోమీటర్లు, ముప్పై మూడు నుంచి ముప్పై ఐదు రోజులు. స్పెయిన్‌లోని దారికి 1993లో యునెస్కో గుర్తింపు వచ్చింది. మొదటి రోజే పిరనీస్ కొండ ఎక్కించి రోన్సెస్వాయెస్‌లో దింపుతుంది. ఆ కొండ దారిని నవంబరు నుంచి మార్చి చివరి దాకా మూసేస్తారు, లోయ దారిలోనే పోవాలి. ఆ ఒక్క రోజు తప్ప మిగతాదంతా స్పెయినే కాబట్టి దేశాలు దాటాలన్న సరదా తొలి సాయంత్రానికే తీరిపోతుంది.

2024లో సాంటియాగో చేరి పత్రాలు తీసుకున్నవాళ్లు దాదాపు 5 లక్షల మంది. అందులో సగానికి దగ్గరగా ఈ దారిన వచ్చినవాళ్లే, పోర్చుగల్ దారులు రెండూ కలిపి మూడో వంతు. జూలై 25 ఆదివారం పడిన ఏడాదిని అక్కడ పవిత్ర సంవత్సరం అంటారు. 2027 అలాంటిదే. మన పుష్కరాల్లో రాజమండ్రి ఎలా ఉంటుందో తెలిసినవాళ్లకు విడమరిచి చెప్పక్కర్లేదు. ఆ వేసవిలో వెళ్లకండి. ఇక బుర్గోస్, లెయోన్ నగరాల మధ్య మెసెతా అనే పీఠభూమి ఉంది. చెట్టు నీడ కోసం వెతుక్కోవాలి, చుట్టూ కోసేసిన గోధుమ చేలు. అనంతపురం ఎండల్లో పెరిగినవాళ్లు కూడా జూలై, ఆగస్టుల్లో అక్కడ తెల్లారకముందే లేచి నడుస్తారు. ఉద్యోగం మారే మధ్యలో నెలన్నర ఖాళీ దొరికితే ఈ దారి పట్టండి, లేకపోతే వద్దు.

మాఁబ్లాఁ చుట్టూ: మూడు దేశాలు, పదకొండు రోజులు

ఫొటోల్లో మీరు చూసింది చాలావరకు ఇదే. ఆల్ప్స్‌లో అన్నిటికన్నా ఎత్తైన మాఁబ్లాఁ చుట్టూ ప్రదక్షిణ: ఫ్రాన్స్, ఇటలీ, స్విట్జర్లాండ్ మీదుగా సుమారు 170 కిలోమీటర్లు, పది పదకొండు రోజులు. 1767లోనే ద సొస్యూర్ అనే జెనీవా శాస్త్రవేత్త ఈ కొండ చుట్టూ తిరిగాడు. ఇప్పుడు ఎక్కువమంది షమోనీ దగ్గరి లెజూష్‌లో మొదలుపెట్టి అపసవ్యంగా తిరుగుతారు. ప్రదక్షిణ అపసవ్యమా అని మా అమ్మ అడిగింది. బాట అలా ఉందమ్మా అన్నాను.

ఇక్కడ సరిహద్దులన్నీ కనుమల మీదే. 2,516 మీటర్ల సేన్య కనుమ దగ్గర ఫ్రాన్స్ వెనకబడి ఇటలీ మొదలవుతుంది, 2,537 మీటర్ల గ్రాండ్ ఫెరే కనుమ దాటితే స్విట్జర్లాండ్. చెక్‌పోస్టు ఉండదు, ఎవరూ ఆపరు. అయినా పాస్‌పోర్టు వెంట ఉండాలి. స్విస్ వైపు ఖర్చు ఫ్రాంకుల్లో, మిగతా రెండు వైపులా యూరోల్లో.

170 కిలోమీటర్లని చూసి పోర్టో దారి కన్నా చిన్నదే కదా అనుకుంటే మోసపోతారు. మొత్తం మీద 10,000 మీటర్లు ఎక్కాలి, మళ్లీ 10,000 మీటర్లు దిగాలి. రోజుకు తొమ్మిది వందల మీటర్ల పైమాటే. అలిపిరి మెట్లెక్కి తిరుమల చేరితే మనం ఎక్కేది ఆరేడు వందల మీటర్లు. అంతకన్నా ఎక్కువ, వరసగా పదకొండు రోజులు. ఎక్కడం మనవాళ్లకు కొత్తేం కాదు, 3,550 మెట్లూ ఎక్కే మామ్మలను చూశాను. కానీ దర్శనం అయ్యాక అందరం బస్సులోనే దిగుతాం. ఆల్ప్స్‌లో కొంపలు ముంచేది దిగుడే. రెండో రోజు సాయంత్రం లే షాప్యూ వైపు దిగుతుంటే నా కుడి మోకాలు కుక్కర్ విజిల్ లాగా కేకలు పెట్టింది. తర్వాత ఎవరు సలహా అడిగినా ఒకటే చెబుతున్నాను: ఈ దారికి ముందు మూడు నెలలు మెట్లు దిగడం సాధన చేయండి. తిరుపతి వెళ్తే కాలినడకనే కిందికి కూడా రండి. రెండు చేతికర్రలు తప్పనిసరి.

రెండో చిక్కు పడకలు. దారి తెరిచి ఉండేది ఇంచుమించు జూన్ నడిమి నుంచి సెప్టెంబరు నడిమి దాకా మాత్రమే, ప్రపంచమంతా ఆ మూడు నెలల మీదే పడుతుంది. హట్లు అనే కొండ సత్రాల్లో డార్మిటరీ పడక, రాత్రి భోజనం, ఉదయం అల్పాహారం కలిపి 60 నుంచి 90 యూరోలు అనుకోండి. పేరున్న హట్లలో వేసవి పడకలు చలికాలంలోనే అయిపోతాయి. ఒక్క రాత్రి దొరక్కపోయినా ఆ రోజు మజిలీ లెక్క తప్పుతుంది. జూన్‌లో వెళ్తే కనుమల మీద ఇంకా మంచు ఉండొచ్చు. ఆగస్టు చివరి వారం షమోనీలో కొండ పరుగు పందేలు జరుగుతాయి, ఆ వారం గదుల మీద ఆశ వదులుకోవాలి. సెప్టెంబరు మొదటి పది రోజులు నాకు అన్నిటికన్నా నచ్చిన సమయం.

కొండలు కావాలి, ఈ తొక్కిడి వద్దు అంటే

నేను గట్టిగా చెప్పే రెండో దారి ఇది, ఆల్పె-ఆద్రియా. మన దగ్గర పేరు విన్నవాళ్లే తక్కువ. 2012లో తెరిచారు. ఆస్ట్రియాలో 3,798 మీటర్ల గ్రోస్‌గ్లాక్నర్ పాదం దగ్గర మొదలై, స్లొవేనియా మీదుగా ఇటలీలో ట్రియెస్టే పక్కన ముజ్జా అనే సముద్రపు ఊళ్లో ముగుస్తుంది. 43 మజిలీలు, దాదాపు 750 కిలోమీటర్లు. హిమానీనదం దగ్గర స్వెటర్ వేసుకుని బయల్దేరినవాళ్లు చివర్లో అత్తి చెట్ల కింద చెమట తుడుచుకుంటారు. మూడు దేశాలూ షెంగెన్, మూడింటిలోనూ యూరోనే.

మొత్తం నడవాలని పట్టు పట్టకండి. స్లొవేనియాలోని క్రాన్స్కా గోరా నుంచి ఇటలీలోని చివిదాలె వరకు వారం పది రోజులు చాలు. మొదటి రోజు 1,611 మీటర్ల వ్ర్షిచ్ కనుమ దాటతారు. ఆ కనుమ మీది రోడ్డును మొదటి ప్రపంచ యుద్ధంలో రష్యా ఖైదీల చేత వేయించారు. 1916లో మంచు చరియ విరిగిపడి చాలామంది చనిపోయారు, దారి పక్కన చిన్న చెక్క చర్చి వాళ్ల గుర్తుగా నిలబడి ఉంది. కనుమ దిగితే సోచా నది, ఆ నీలిరంగుకు తెలుగులో నాకు మాట దొరకలేదు. కిందికి పోయేకొద్దీ కోబారిద్. 1917లో ఇటలీ సైన్యం ఘోరంగా ఓడిన చోటు, అక్కడి యుద్ధ మ్యూజియం కోసం ఒక పూట ఉంచుకోండి. ఈ దారి ఎక్కువగా లోయల్లో, అడవుల్లో, ఊళ్ల మధ్య సాగుతుంది, రాత్రికి డార్మిటరీ బదులు గెస్ట్‌హౌస్ గది దొరుకుతుంది. దంపతులుగా వెళ్లేవాళ్లకు, అమ్మానాన్నలను తీసుకెళ్లేవాళ్లకు ఇంతకన్నా మర్యాదైన దారి చూడలేదు.

జర్మనీలో ఉండేవాళ్లు, సెలవు ఒక్క వారమే ఉంటే, ఈ-5 దారిలో ఓబర్‌స్ట్‌డోర్ఫ్ నుంచి మెరాన్ దాకా చూడండి. ఆరేడు రోజుల్లో జర్మనీ, ఆస్ట్రియా, ఇటలీ. అయితే ఇది మాఁబ్లాఁ దారి కన్నా మెత్తనిదేం కాదు.

కాంటర్బరీ నుంచి రోమ్

చరిత్ర మీద ప్రేమ ఉన్నవాళ్లకు వియా ఫ్రాన్సిజెనా. క్రీ.శ. 990లో కాంటర్బరీ ఆర్చ్‌బిషప్ సిజెరిక్ రోమ్ నుంచి తిరిగొస్తూ ఆగిన మజిలీలన్నీ రాయించుకున్నాడు, ఇప్పటి దారి ఆ జాబితా మీదే నిలబడింది. ఇంగ్లండ్, ఫ్రాన్స్, స్విట్జర్లాండ్, ఇటలీ కలిపి దాదాపు 2,000 కిలోమీటర్లు. ఇంగ్లండ్‌కు వేరే వీసా కావాలి కాబట్టి మనవాళ్లు ఫ్రాన్స్‌లోని కాలే అనే ఊళ్లో మొదలుపెట్టడమే నయం. ఫ్రాన్స్ ముక్కలో యాత్రికుల సత్రాలు తక్కువ, నడిచేవాళ్లు ఇంకా తక్కువ. ఒంటరితనం నచ్చనివాళ్లు విసిగిపోతారు.

ముక్కగా నడవాలంటే స్విట్జర్లాండ్‌లోని మార్తిన్యీ నుంచి ఇటలీలోని అవోస్తా వరకు వెళ్లండి. నాలుగైదు రోజుల్లో 2,469 మీటర్ల గ్రేట్ సెయింట్ బెర్నార్డ్ కనుమ మీద దేశం మారుతుంది. కనుమ మీద దాదాపు వెయ్యేళ్లుగా బాటసారులకు ఆశ్రయమిస్తున్న మఠం ఉంది, ఇప్పటికీ బస ఇస్తారు. వేసవిలోనే వెళ్లాలి. ఇంకా దక్షిణానికి నడిస్తే వెర్చెల్లి చుట్టూ కనుచూపు మేర వరి మడులు. గోదావరి జిల్లాల వాళ్లకు గట్టు మీద నడుస్తుంటే ఇంటికొచ్చినట్టే ఉంటుంది, దోమలతో సహా.

బాల్కన్ శిఖరాలు: చవక, కానీ కాగితాల పని

అల్బేనియా, కొసొవో, మాంటెనీగ్రో కొండల్లో 192 కిలోమీటర్ల చక్రం, పది మజిలీలు. రైతుల ఇళ్లలో బస, వాళ్ల పొయ్యి మీది రొట్టె, వాళ్ల జున్ను. ఆల్ప్స్ ధరలో సగం కూడా కాదు. థెత్ నుంచి వల్బోనా కనుమ దాటే రోజు గురించి నడిచొచ్చినవాళ్లు ఏళ్ల తరబడి చెబుతూనే ఉంటారు.

అయినా మొదటిసారికి నేను వద్దంటాను. మూడు దేశాలూ షెంగెన్‌లో లేవు. చెల్లుబాటులో ఉన్న మల్టిపుల్ ఎంట్రీ షెంగెన్ వీసా మీద కొద్ది రోజులు రానిచ్చే నియమాలున్నాయి గానీ, అవి మారుతుంటాయి. మూడు దేశాల విదేశాంగ శాఖల పేజీలూ చూసుకున్నాకే టికెట్ కొనండి. షెంగెన్ నుంచి బయటికెళ్లి మళ్లీ అక్కడి నుంచే విమానం ఎక్కాలంటే సింగిల్ ఎంట్రీ వీసా పనికిరాదు. కొండల మీద చెక్‌పోస్టు లేని చోట సరిహద్దు దాటడానికి ముందే అనుమతి పత్రాలు తీసుకోవాలి. పైగా కొసొవోను భారత్ దేశంగా గుర్తించలేదు. అక్కడ పాస్‌పోర్టు పోతే పరుగెత్తడానికి మన రాయబార కార్యాలయం ఉండదు.

తిండి సంగతి

శాకాహారులకు ఆల్ప్స్ హట్లలో భోజనం అంటే చీజ్, బంగాళాదుంప, సూప్, మళ్లీ చీజ్. వడ్డించేది ఒకటే వంట కాబట్టి పడక బుక్ చేసేటప్పుడే శాకాహారమని చెప్పాలి. సొంత వంటకు ఒప్పుకోరు. కమీనో మీద గుడ్డు తినేవాళ్లకు తోర్తియా అనే బంగాళాదుంప అట్టు ప్రతి హోటల్లో దొరుకుతుంది. ఆకుకూర సూపు చూసి మురిసిపోకండి, అడుగున పంది మాంసం ముక్క ఉంటుంది. పోర్చుగల్ దారి చివర్లో పద్రోన్ అనే ఊరొస్తుంది, అక్కడి పచ్చి మిరపకాయలు నూనెలో వేయించి రాళ్ల ఉప్పు చల్లి ఇస్తారు. ఎక్కువ చప్పగా ఉంటాయి, ఎక్కడో ఒకటి చుర్రుమంటుంది. పది రోజుల చప్పిడి తిండి తర్వాత ఆ ఒక్కటి తగిలినప్పుడు కళ్లనీళ్లొచ్చాయి, కారానికి కాదు.

కందిపొడి, అటుకులు, ఉప్మా రవ్వ పట్టుకెళ్లండి. నెయ్యి, పాలకోవా లాంటి పాల సరుకులు మాత్రం సంచిలో పెట్టొద్దు. బయటి దేశాల ప్రయాణికులు పాల, మాంసపు పదార్థాలు తేవడం యూరోపియన్ యూనియన్‌లో నిషేధం, పచ్చి కరివేపాకుకు కూడా సర్టిఫికెట్ అడుగుతారు. సాంటియాగో ఉన్న గలీసియా ప్రాంతపు ప్రభుత్వ సత్రాల్లో వంటగది ఉన్నా చాలాచోట్ల గిన్నెలుండవు. చిన్న స్టీలు గిన్నె మోసుకెళ్లినందుకు నేనెప్పుడూ చింతించలేదు.

వీసా, బుకింగ్: ఏది ముందు?

నాలుగు రోజులు ఇక్కడ, మూడు రోజులు అక్కడ తిరిగేటప్పుడు ఏ దేశం వీసా అడగాలన్నది అందరి సందేహం. ఎక్కువ రోజులు ఏ దేశంలో ఉంటారో ఆ దేశానిది, సమానమైతే మొదట అడుగు పెట్టే దేశానిది. మాఁబ్లాఁకు చాలామంది జెనీవాలో దిగుతారు, అయినా రాత్రుళ్లు ఎక్కువగా ఫ్రాన్స్‌లో ఉంటే అడగాల్సింది ఫ్రాన్స్ వీసానే. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు పెట్టుకోవచ్చు. కనీసం 30,000 యూరోల వైద్య బీమా ఎలాగూ అడుగుతారు. కానీ మామూలు పాలసీల్లో కొండ నడక, హెలికాప్టర్ రక్షణ ఉండకపోవచ్చు. ఎంత ఎత్తు వరకు వర్తిస్తుందో ఆ సన్న అక్షరాల్లో చదవండి. ఆపద వస్తే ఈ దారుల్లో ఎక్కడైనా నంబరు 112.

ఆల్ప్స్ దారులకు క్రమం ఇది: చలికాలంలోనే హట్లు, ఆ రసీదులతో వీసా, చివర విమానం టికెట్. పోర్టో దారిలో చిక్కు వేరు. వీసాకు ప్రతి రాత్రి బస చూపించమంటారు, ప్రభుత్వ సత్రాలేమో ముందుగా బుక్ కావు. రద్దు చేసుకునే వీలున్న ప్రైవేటు సత్రాల గదులు మజిలీకొకటి బుక్ చేసి, ఏ రోజు ఏ ఊళ్లో ఉంటారో ఒక కాగితం మీద పట్టికగా రాసి జతచేయండి. అక్కడికెళ్లాక మొదటి మూడు రాత్రులు మాత్రం ఆ బుకింగుల్లోనే పడుకోండి. నాలుగో రోజు నుంచి రోజుకు ఎంత నడవాలో మీ కాళ్లే చెబుతాయి, మిగతావి రద్దు చేసేయండి.